సూర్యారావుపేటలో అయస్కాంత చికిత్స

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్‌లో ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయో పుస్తకం చూడకుండా చెప్పేవాణ్ణి. అలాంటిది, పోయిన ఏడు ఒక్క తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) కూడటానికి పూటంతా పట్టేది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. ఆకలి లేదు, ఏడుపు కూడా రాదు. డిప్రెషన్ అన్నారు. రెండు రకాల మందులు పూర్తి డోసులో, చెప్పినన్నాళ్లూ వాడినా గుణం కనిపించలేదు. అప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరుగారు టీఎంఎస్, అంటే అయస్కాంతంతో మెదడుకి చేసే చికిత్స, మాట ఎత్తారు.

కరెంటు షాక్ పెడతారని మా ఆవిడ హడలిపోయింది. ఇది అది కాదు. షాక్ చికిత్సలో మత్తు ఇచ్చి, మెదడుకి కాసేపు ఫిట్స్ వచ్చేలా చేస్తారు. అదీ తీసిపారేసే వైద్యం కాదు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ఎందరినో నిలబెడుతోంది. టీఎంఎస్‌లో మత్తు ఉండదు, మెలకువగానే కుర్చీలో కూర్చుంటాం. తలకు ఆనించిన కాయిల్‌లోంచి వచ్చే అయస్కాంత క్షేత్రం పుర్రె దాటి, లోపలి నరాల కణాల్ని కదిలిస్తుంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని చేసి చూపింది. డిప్రెషన్‌కి వాడటానికి అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లో అనుమతి ఇచ్చింది.

మామూలుగా రోజుకొకసారి చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు చేస్తారు. అన్నాళ్లు గుంటూరు నుంచి తిరిగే ఓపిక నాకు లేదు. రోజుకు చాలాసార్లు ఇచ్చి త్వరగా ముగించే పద్ధతి కూడా ఉందన్నారు డాక్టరుగారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో రోజుకు 10 సెషన్ల చొప్పున 5 రోజులు ఇస్తారు, దానికి 2022లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. "వాళ్లు ప్రత్యేకమైన స్కాన్ తీసి ఎవరికి ఎక్కడ ఇవ్వాలో వెతుకుతారండీ. మా దగ్గర కొలతలతోనే చోటు గుర్తిస్తాం, సెషన్లు కూడా అన్ని ఇవ్వం. అదే ఫలితం వస్తుందని మాట ఇవ్వలేను" అన్నారు. ఆ మాట విన్నాకే నాకు నమ్మకం కుదిరింది.

సత్యనారాయణపురంలో అక్కావాళ్లింట్లో దిగాను. తలలో లోహపు క్లిప్పులున్నాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని ముందు గుచ్చి గుచ్చి అడిగారు. తర్వాత తలకు ఎడమవైపు కాయిల్ పెట్టి అయస్కాంత శక్తి వదిలితే కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది! ఎంత శక్తి అవసరమో అలా కొలుస్తారట. చికిత్స మాత్రం నుదుటికి దగ్గరగా, ఎడమవైపే. చెవుల్లో ప్లగ్గులు పెట్టినా టకటకా వినపడుతూనే ఉంటుంది. కనుబొమ్మ లాగుతుంది, దవడ అదురుతుంది. సాయంత్రానికి తలనొప్పి, పారాసెటమాల్‌తో తగ్గేది.

ఒక్కో సెషన్ మూడు నిమిషాలే. మధ్యలో గంట దాకా ఆగాలి, నాకు కష్టమైంది ఆ ఎదురుచూపే. ఏమీ మారడం లేదన్న టెన్షన్. అక్క మజ్జిగ సీసాతో పక్కనే కూర్చుని, వాళ్ల వీధి కబుర్లన్నీ చెప్పేది. నేను పలకకపోయినా ఆపేది కాదు.

మార్పు నాకంటే ముందు తనకే తెలిసింది. ఒక రాత్రి అన్నం తింటూ "పులుసులో ఉప్పు తగ్గిందక్కా" అన్నానట. "ఒరేయ్, ఎన్నాళ్లకిరా నీకు ఉప్పూ కారం తెలిసింది!" అని బావని కేకేసింది. సంతోషం అప్పుడే రాలేదు. రుచి వచ్చింది, తర్వాత నిద్ర, ఆ తర్వాత ఎప్పటికో లెక్కలు.

మందులు ఆపలేదు. లక్షణాలు తిరగబెడితే మళ్లీ కొన్ని సెషన్లు అవసరం కావచ్చన్నారు. ఖర్చు మాత్రం చేతినుంచే పెట్టుకున్నాం. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి క్లెయిమ్ రాదని బీమా కంపెనీ జవాబిచ్చింది. శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ ఉదహరిస్తూ మళ్లీ అర్జీ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.