నీటి ఎలుగుకు నాన్న పంచె

మొదటి రోజే మూడు సూదులు విరిగాయి. నాలుగోది బొటనవేలిలో దిగింది. అమ్మ కాసేపు చూసి, "ఆ ఉన్ని నీకేం అపకారం చేసిందే, అలా పొడుస్తున్నావు?" అంది. అనంతపురం నుంచి ఆవిడ వచ్చి వారమైంది. కూతురు ఆఫీసు నుంచి రాగానే టీ కూడా తాగకుండా, స్పాంజి ముక్క మీద ఉన్ని పెట్టుకుని గంటసేపు టకటకమని పొడుస్తూ కూర్చుంటే ఏ తల్లికైనా కంగారే.

నేను చేయాలనుకున్నది నీటి ఎలుగు బొమ్మ. టార్డిగ్రేడ్ అంటారు. ఎనిమిది కాళ్లు, మామూలుగా అర మిల్లీమీటరు పొడవు. నాచులో, చెరువు అడుగు మట్టిలో బతుకుతుంది. నీరు ఆరిపోతే ముడుచుకుని గుళికలా మారి ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. 2007లో అంతరిక్షానికి పంపితే శూన్యాన్ని కూడా తట్టుకుని కొన్ని బతికి వచ్చాయి. ఇదంతా ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకునేదాన్ని. తీరా చూస్తే, బెంగళూరులో మేముండే మత్తికెరె పక్కనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో (పాతకాలం వాళ్లకు అది ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూటే) నాచు పట్టిన గోడ మీద ఒక రకం దొరికిందట. పారామాక్రోబయోటస్ జాతి. మామూలు వెలుతురులో ఎర్రమట్టి రంగు, అతినీలలోహిత కాంతి కింద నీలంగా మెరుస్తుంది. 2020లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ కాంతికి మరో రకం నీటి ఎలుగులు చచ్చిపోతే ఇవి తట్టుకున్నాయి. హాని చేసే కాంతిని తాగి నీలి వెలుగుగా వదిలేయడమే వీటి కవచం అని పరిశోధకులు భావించారు. దీని సారం పూస్తే ఇతర జీవులకు కూడా కొంత రక్షణ దొరికిందట.

నేను రోజూ ఆ ప్రహరీ పక్కనుంచే బస్సులో వెళ్తాను. ఇక ఆ బొమ్మ చేయకుండా ఉండలేకపోయాను. పగలు ఎర్రమట్టి రంగులో, చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే నీలంగా ఉండాలి. అదీ నా పంతం.

సూదితో ఫెల్టింగ్ అంటే ఉన్నిని పొడిచి పొడిచి గట్టి ముద్దగా చేయడం; కుట్టు కాదు, దారం ఉండదు. సూది మూడు పలకలుగా ఉంటుంది, కొన దగ్గర పలకల అంచుల్లో చిన్న చిన్న గాట్లు. లోపలికి దిగేటప్పుడు ఆ గాట్లు ఉన్ని పోగులను లాక్కుపోతాయి, బయటకు వచ్చేటప్పుడు వదిలేస్తాయి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి కాబట్టి, లోపల ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఇక విడిపోవు. సూదిని ఏ కోణంలో దించామో అదే కోణంలో తీయాలి. పక్కకు వంచితే పుటుక్కుమంటుంది. నా మూడు సూదులూ అలా పోయినవే.

ఉన్ని విషయంలో మరో దెబ్బ తిన్నాను. ఒక దుకాణంలో "అసలైన ఉన్ని" అని అమ్మిన ఉండ ఎంత పొడిచినా గట్టిపడలేదు, వేసిన గొంగళి అక్కడే. అనుమానం వచ్చి ఒక పోగును పట్టకారుతో పట్టుకుని వెలిగించాను. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మంట దానంతటదే ఆరి, వేలితో నలిపితే పొడి అవుతుంది. ఇది కరిగి నల్లటి గట్టి పూసలా అంటుకుంది. అక్రిలిక్! పొలుసులు లేని దాన్ని పట్టుకుని రెండు సాయంత్రాలు పొడిచానన్నమాట.

నాన్న వస్తూ ఊళ్లో గొంగళ్లు నేసే కురుబ వారి దగ్గర ఒక సంచెడు ముతక ఉన్ని తెచ్చారు. నలుపు, గరుకు, దాంట్లో ముళ్లూ, గడ్డీ. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం అంటే ఏమిటో ఆ ఆదివారం తెలిసింది. కానీ 36 నంబరు సూది పడేసరికి ఆ ముతక ఉన్ని ఇట్టే ముద్దకట్టింది. లోపలి ఒడలంతా దానితోనే చేశాను. పైన చర్మానికి ఆన్‌లైన్లో తెప్పించిన ఎర్రమట్టి రంగు మెరినో (సన్నని, మెత్తని గొర్రె ఉన్ని), దానికి సన్నని 40 నంబరు సూది. నా ఎలుగు పొడవు ఇరవై సెంటీమీటర్లు, అసలుదానికి 400 రెట్లు. మెరినో పోగు మందం దాదాపు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంటే పాతిక పోగులు పక్కపక్కన పేరిస్తే చాలు, ఒక నిజమైన నీటి ఎలుగు పొడవు అయిపోతుంది. ఆ లెక్క తేలాక సూది పక్కన పెట్టి చాలాసేపు ఒక్క పోగునే చూస్తూ కూర్చున్నాను.

కాళ్ల దగ్గర అసలు కష్టం. ఎనిమిదింటినీ ముద్దుగా, గట్టిగా, పూర్తిగా చేసేశాను. ఒక్కటీ ఒంటికి అంటుకోదు! కాలి పైకొసను పొడవకుండా గుల్లగా, కుచ్చులా వదిలేయాలి, ఆ కుచ్చే ఒంట్లోకి దిగుతుంది. సరే, మళ్లీ ఎనిమిది చేసి అతికించాను. పక్కింటి ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చి చూసి, "ఆంటీ, ఇది పందిపిల్లలా ఉంది" అంది.

తన దగ్గర ఫోల్డ్‌స్కోప్ ఉంది, మడత పెట్టే కాగితపు సూక్ష్మదర్శిని. మా డాబా పిట్టగోడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన పెరిగిన నాచు గీకి, రాత్రంతా సాసర్‌లో నానబెట్టి, పొద్దున పిండి, చుక్క చుక్కా చూశాం. మొదటి ఆదివారం మట్టి. రెండోసారి మెలికలు తిరిగే పురుగులు. మూడో ఆదివారం ఆ అమ్మాయి అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏ జాతిదో మాకేం తెలుస్తుంది కానీ, నీటి ఎలుగే! ముందు మూడు జతల కాళ్లతో గాలిని తవ్వుతున్నట్టు ఆడిస్తోంది. చివరి జత మాత్రం వెనక్కి తిరిగి ఉంది, దానితో నాచు ఆకును పట్టుకుని వేలాడుతోంది. నేను నాలుగు జతలనూ కుర్చీ కాళ్లలా నిలువుగా పెట్టాను! వెనక రెండూ పీకేసి తిప్పి పెట్టాక పందిపిల్ల పోలిక పోయింది. కాలికి రెండు జంట గోళ్లు, మొత్తం ముప్పై రెండు కొనలు. వాటికి నేను ఏరి పారేద్దామనుకున్న గరుకు వెంట్రుకలే పనికొచ్చాయి.

ఇక నీలం. బట్టల సబ్బు పొడిలో తెల్లదనం కోసం కలిపే పదార్థం కూడా అతినీలలోహిత కాంతిని తాగి నీలి వెలుగునే వదులుతుంది. ఇంకేం, తెల్ల మెరినోను వేడి నీళ్లలో ఆ పొడి వేసి బాగా రుద్ది ఉతికాను. వేడి, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే ఉన్నికి ఏమవుతుందో తెలిసి కూడా చేసిన పని ఇది. చెప్పు అట్టలాంటిది చేతికొచ్చింది.

ఆ చిరాకులో నోట్లు పరీక్షించే టార్చిని ఇల్లంతా తిప్పుతుంటే, దండెం మీద నాన్న పంచె ఒక్కసారి నీలంగా భగ్గుమంది. నూలుకు ఆ పదార్థం బాగా పడుతుంది, పైగా అమ్మ ఉతుకు. అంచు దగ్గర జానెడు కత్తిరించి, పోగులు విడదీసి, గోరంత ముక్కలుగా తుంచి, ఎర్ర మెరినోతో కలిపి చేతులతో చీల్చి చీల్చి దువ్వాను. నూలు తనంతట తాను ముద్దకట్టదు, ఉన్ని మధ్య ఇరుక్కుంటే కదలదు. పలుచని పొరగా పైన పరిచి, నెమ్మదిగా పొడిచాను. పగటిపూట రంగు కాస్త వెలిసినట్టు ఉంది. ఎర్రమట్టిలో సున్నం కలిసినట్టు. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు.

రాత్రి దీపాలు ఆర్పి అందరినీ పిలిచాను. టార్చి వేస్తే వీపు మీద నీలి చుక్కలు సన్నగా మెరిశాయి. పక్కింటి అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఏదీ, సరిగా కనబడట్లేదు" అంటూ నాన్న ముందుకు వంగారు. టార్చి వెలుగు ఆయన నడుము నుంచి పాదాల దాకా పడింది. ఇక ఎలుగును ఎవరూ చూడలేదు. అమ్మ మాత్రం నవ్వు ఆపుకుని, పంచె అంచు పట్టుకుని, "ఇక్కడ జానెడు ఏమైంది?" అంది.