టీ పక్కన హెచ్ ఉందా, లేదా?

నా ప్రాజెక్టుకి పేరు మార్చే తతంగం నిన్న రాత్రితో ముగిసింది. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నా.

పని చిన్నదే. డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లతో కొట్టిన తెలుగుని, ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే పైథాన్ టూల్. కోడ్‌కి 3 వారాలు పట్టింది, పేరుకి 4 నెలలు.

మొదట 'అక్షర', 'లిపి', 'వాణి' అనుకున్నా. భాష మీద పనిచేసే ప్రతివాడికీ ముందు తట్టేవి అవే, ఇక నాకెక్కడ దొరుకుతాయి? మధ్యలో గీతో చుక్కో పెట్టి దొడ్డిదారిన దూరదామంటే, టూళ్లని అందరికీ అందుబాటులో ఉంచే పైథాన్ రిజిస్ట్రీకి హైఫన్, అండర్‌స్కోర్, చుక్క మూడూ ఒకటే లెక్క. చివరికి 'గుణింతం' ఖాళీగా కనబడితే ఎగిరి గంతేశా. ట్రేడ్‌మార్క్ వెతుకులాట పది నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత విజయవాడలో ఓ కాలేజీ ల్యాబ్‌లో డెమో. 40 మంది పిల్లలు. స్లైడ్ మీద పేరు తెలుగులోనే పెట్టా, అదో గొప్ప. "గుణింతం ఇన్‌స్టాల్ చేయండి" అన్నా ఠీవిగా. సగం మంది తెరల మీద ఎర్రక్షరాలు! అలాంటి ప్యాకేజీయే లేదంటోంది. పేరుని ఇంగ్లీషులో కొట్టాలిగా, ఒకడు టీ పక్కన హెచ్ కొట్టాడు. ఒకమ్మాయి చివర యూ చేర్చింది. ఇంకొకడు ఎమ్ వదిలేశాడు. నేను పెట్టింది ఒట్టి టీ. సంగీత పేరుని టీ పక్కన హెచ్ లేకుండా రాసేవాళ్లు మన ఊళ్లలో ఎందరున్నారు? ఆ ఇంగితం నాకుండొద్దూ! సరే, స్పెల్లింగ్ బోర్డు మీద రాద్దామని లేచి, కంగారులో నేనే హెచ్ రాశా. అప్పుడన్నారు వెనక నుంచి హెచ్ఓడీ గారు: "బాబూ, పేరు పెట్టినవాడికే గుణింతం రాకపోతే ఎలా?" ఆ నవ్వులు బస్సెక్కేదాకా చెవుల్లో మోగాయి.

అందుకే చెప్తున్నా, పేరు ఖాయం చేసేముందు నలుగురికి ఫోన్లో చెప్పి, ఇంగ్లీషులో రాసి పంపమనండి. త, ద, దీర్ఘాలు ఉన్న పేర్ల జోలికి పోకండి. ఇంట్లో వాట్సాప్ గ్రూపులో మాత్రం అడగొద్దు. మా బావ తన కూతురి పేరు పెట్టమన్నాడు, పెట్టలేదని ఇంకా మాట్లాడటం లేదు.

మార్చుకోవడం నామోషీ ఏం కాదు లెండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అంతటిది 2002లో ఫీనిక్స్, 2003లో ఫైర్‌బర్డ్. ఆ పేరుతో అప్పటికే ఓ డేటాబేస్ ప్రాజెక్టు ఉంది, వాళ్లు ఊరుకోలేదు. 2004లో గాని ఇప్పటి పేరు కుదరలేదు. వాళ్లకి మూడు పేర్లు పట్టాయి, నేను రెండోదానికే తేల్చేశా.

అమ్మ ఫోన్లో ఎవరికో "ఒక్క పొల్లు పోకుండా చెప్పిందే" అంటుంటే తట్టింది: 'పొల్లు'. టీ లేదు, హెచ్ లేదు, దీర్ఘం లేదు. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో మార్చడం తేలిక, పాత లింకులు వాటంతటవే కొత్తచోటికి తీసుకెళ్తాయి. రిజిస్ట్రీలో అలా కుదరదు. కొత్త పేరుతో మళ్లీ ఎక్కించి, పాతదానికి 'ఇల్లు మారాం' అని బోర్డు కట్టాల్సొచ్చింది.

అమ్మకి చెప్తే, "పొల్లంటే తాలు గింజలు కదరా, ఎగరబోసేవి. అదేం పేరు?" అంది. వినలేదు.

ఈ పొద్దున మొదటి ఫిర్యాదు వచ్చింది. మాట చివర పొల్లు పోతోందట. 'బస్' కాస్తా 'బస' అవుతోంది.