బంతిలో కూర్చోబెట్టని ఊరు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున్న ఎనిమిదో తరగతి సోషల్ పేపర్లు దిద్దాను. సహజ రబ్బరు ఎక్కువగా ఏ దేశాల్లో పండుతుంది అన్న ప్రశ్నకు దాదాపు అందరూ థాయ్‌లాండ్, ఇండోనేషియా అని రాశారు. ఒకమ్మాయి మాత్రం బ్రెజిల్ అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. ఆ చెట్టు పుట్టిల్లు అక్కడే కదా. సగం మార్కు వేసి, పక్కన ‘నన్ను కలువు’ అని రాశాను. కలిస్తే ఏం చెప్పాలా అని అప్పట్నించీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ మధ్య వీలు దొరికినప్పుడల్లా ఫోర్డ్‌లాండియా గురించే చదువుతున్నాను. బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో, తపజోస్ నది ఒడ్డున, ఫోర్డ్ కార్ల కంపెనీ కట్టిన ఊరు అది.

కథ ఆ నది దగ్గరే మొదలవుతుంది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషు ఆయన తపజోస్ పరిసరాల్లో 70 వేల రబ్బరు గింజలు పోగుచేయించి లండన్ దగ్గరి క్యూ గార్డెన్స్ అనే వృక్షశాస్త్ర తోటకు చేర్చాడు. మొలిచినవి మూడు వేల లోపే. ఆ మొక్కలే సిలోన్‌కు (ఇప్పటి శ్రీలంక), సింగపూర్‌కు, అక్కడి నుంచి మలయాకు (ఇప్పటి మలేషియా) వెళ్ళాయి. నలభై ఏళ్ళు గడవకముందే ఆసియా తోటల రబ్బరు బ్రెజిల్ అడవి రబ్బరును దాటిపోయింది. అడవి రబ్బరు డబ్బుతో ఒపేరా హౌస్ దాకా కట్టుకున్న మనౌస్ నగరం కుదేలైంది.

మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడు అక్కడ రంగం (రంగూన్) వెళ్ళినవాళ్ళ కబుర్లతో పాటు మలయా వెళ్ళినవాళ్ళ కబుర్లు కూడా వినేదాన్ని. ఎక్కువమంది తమిళులే అయినా విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు కూడా ఓడలెక్కి వెళ్ళి ఆ రబ్బరు తోటల్లో చెట్లకు పాలు గీశారు. పెరాక్ వైపు వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు. అంటే తపజోస్ గింజలే మన ఊళ్ళ నుంచి అంతమందిని సముద్రం దాటించాయి. ఈ సంగతి తట్టిన దగ్గర్నుంచి ఆ నది నాకు పరాయిదనిపించడం లేదు.

ఇక ఫోర్డ్ సంగతి. 1920ల్లో ప్రపంచంలోని రబ్బరు ఎక్కువ భాగం బ్రిటిష్, డచ్ వాళ్ళ చేతుల్లో ఉంది. ధర పడిపోతోందని 1922లో బ్రిటిష్ వాళ్ళు తమ వలస దేశాల నుంచి ఎగుమతులకు కోత పెట్టారు. అమెరికా టైర్ల కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. టైర్ల కంపెనీ యజమాని హార్వే ఫైర్‌స్టోన్ 1926లో లైబీరియాలో భూమి తీసుకున్నాడు. ఆయన స్నేహితుడు హెన్రీ ఫోర్డ్ బ్రెజిల్ వైపు చూశాడు. 1927లో పారా రాష్ట్రం దాదాపు 25 లక్షల ఎకరాలు ఇచ్చింది. పది వేల చదరపు కిలోమీటర్లు! మా పాత తూర్పు గోదావరి జిల్లా ఎంతో, సుమారు అంత. అంత అడవిని ఒక్క కంపెనీ చేతిలో పెట్టారని చదివి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

1928లో రెండు ఓడల నిండా సామాను వేసి పంపారు. రంపపు మిల్లు, ఆస్పత్రికి కావలసినవి, తలుపులు, కిటికీలు, సమస్తం. తీరా అవి చేరేసరికి వేసవిలో నది నీరు తగ్గిపోయి పెద్ద ఓడలు పైకి పోలేకపోయాయి. తపజోస్ ఏ నెలలో ఎంత తగ్గుతుందో ఆ ఒడ్డున పడవ నడిపే ఎవరైనా చెప్పేవాళ్ళు. అడగాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఊరు మాత్రం కట్టారు. మంచి ఆస్పత్రి, బడి, కరెంటు, మంచినీళ్ళ ట్యాంకు, పక్కా రోడ్లు. చుట్టుపక్కల వందల మైళ్ళలో అలాంటి ఆస్పత్రి లేదు. వైద్యం ఉచితం. ఇది చిన్న విషయం కాదు. మలేరియాతో జనం రాలిపోతున్న చోట డాక్టరు ఉండటం అంటే ఏమిటో మన ఏజెన్సీ ఊళ్ళు చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఆ మంచిని నేను కాదనను. కానీ ఇళ్ళ పైకప్పులకు రేకులు వేశారు. ఆ ఎండకు, ఆ ఉక్కకు తాటాకులాంటి ఆకు కప్పుకుని బతికినవాళ్ళను తెచ్చి రేకుల కింద పెట్టారు. మద్యం తాగకూడదన్నారు. తోట పెంచుకోమన్నారు. ఇల్లు శుభ్రంగా ఉందో లేదో చూడటానికి మనుషుల్ని పంపారు. సాయంత్రాలు అమెరికా పల్లెల డాన్సులు నేర్పారు. మలయా ఎస్టేట్లలో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఎస్టేట్‌లోనే కల్లు దుకాణం ఉండేది, కూలి డబ్బు మళ్ళీ అక్కడే పోసి ఇంటికి వెళ్ళేవారు. తాగించేవాడు ఒకడు, మానిపించేవాడు ఒకడు. రెండు చోట్లా కూలివాడి సాయంత్రం వాడిది కాదు.

మధ్యాహ్నం మా పెదనాన్నగారి మనవడి గృహప్రవేశానికి వెళ్ళాను. ఇల్లు బాగుంది, పాలు పొంగించే వేళకే చేరుకున్నాం. భోజనాలు బఫే. పెదనాన్నకు ఎనభై దాటాయి. కుర్చీలోంచి లేవలేదు. నేను దగ్గరికి వెళ్తే, “భోజనానికి పిలిచి, కంచం చేతికిచ్చి లైన్లో నించోమంటారేంటమ్మా?” అన్నారు. గొంతులో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ ఉంది. అన్నయ్య “ఇప్పుడు అంతా ఇంతే కదా నాన్నా” అని సర్దిచెప్పబోయాడు. నేనే కంచంలో అన్నీ పెట్టి తెచ్చిచ్చాను. సగం తిని, “మారు అడిగేవాళ్ళు లేని భోజనం” అని కంచం కింద పెట్టేశారు. గుత్తి వంకాయ కూర ఎంత బాగుందో! అయినా ఆయన నోటికి రుచించలేదు.

బస్సులో తిరిగొస్తుంటే 1930 డిసెంబరులో ఫోర్డ్‌లాండియాలో జరిగిన గొడవ ఒక్కసారిగా అర్థమైంది. అంతకుముందు అక్కడ కార్మికులు బల్లల దగ్గర కూర్చుంటే వడ్డించేవారు. ఖర్చు తగ్గుతుందని, పని త్వరగా అవుతుందని కంపెనీ దాన్ని తీసేసింది. ఇకనుంచి కంచం పట్టుకుని వరుసలో నిలబడి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలన్నారు. రేకుల షెడ్డు, ఉక్కపోత, కదలని వరుస, ఆకలి. మాటా మాటా పెరిగింది. కంచాలు, బల్లలు పగిలాయి. అక్కడితో ఆగలేదు. ఆఫీసు మీద పడ్డారు, కరెంటు ప్లాంటు మీద పడ్డారు, లారీలు ధ్వంసం చేశారు. హాజరు వేసే గడియారాలను ముక్కలు ముక్కలు చేశారు. దొరలు పడవలెక్కి నది మధ్యకు పారిపోయారు. చివరికి సైనికులు వచ్చాక గానీ అణగలేదు. ఆ తర్వాత చాలామందికి లెక్క కట్టి ఇంటికి పంపేశారు.

దీని గురించి రాసినవాళ్ళు చాలామంది తిండి దగ్గరే ఆగిపోతారు. దంపుడు బియ్యం, ఓట్స్ జావ, డబ్బాల్లో వచ్చిన పీచ్ పళ్ళు పెట్టారు, వాళ్ళకేమో కర్రపెండలం పిండి, చిక్కుళ్ళు, చేపలు కావాలి, అందుకే తిరగబడ్డారు అని. తిండి నచ్చకపోవడం నిజమే. దానికి కూలిలోంచి డబ్బు కోసుకోవడమూ నిజమే. కానీ అదే తిండి అంతకుముందూ ఉంది. ఆ రోజు కొత్తగా వచ్చింది ఆ వరుస. అప్పటిదాకా రోజంతా మిల్లు కూత కూస్తే లేవడం, కూత కూస్తే ఆగడం, గడియారంలో కార్డు గుద్దడం. రోజుకొక్కసారి కూర్చుంటే ఎవరో వచ్చి వడ్డించేవారు. ఆ ఒక్క పూట కార్మికుడు మనిషిగా ఉండేవాడు. అది కూడా తీసేశారు. మా పెదనాన్న కంచం కింద పెట్టారు, వాళ్ళు విసిరికొట్టారు. నాకు ఇందులో పెద్ద తేడా కనబడటం లేదు.

గడియారాలే ఎందుకు పగలగొట్టారు అనే ప్రశ్నకు కూడా జవాబు ఇదే అనుకుంటాను. అడవిలో పాలు తీసేవాళ్ళు తెల్లారకముందే నుదుటికి దీపం కట్టుకుని బయల్దేరి, చెట్టు నుంచి చెట్టుకు దారి పట్టి గాట్లు పెట్టుకుంటూ పోతారు. చల్లటి వేళలోనే పాలు బాగా కారతాయి. ఎండ ఎక్కేసరికి ఆ పని అయిపోతుంది. వాళ్ళు బాగుపడ్డారని కాదు, పెట్టుబడి పెట్టే వ్యాపారికి తరతరాల అప్పుల్లో మునిగి ఉండేవారు. కానీ ఏ వేళకు ఏం చెయ్యాలో వాళ్ళకు తెలుసు. అలాంటి పని తెలిసినవాణ్ణి తెచ్చి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోర్డ్ సొంత రాష్ట్రమైన మిషిగన్ గడియారానికి కట్టేశారు.

సాయంత్రం వాన పడింది. బట్టలు లోపలికి తెచ్చి, టీ పెట్టుకుని మిగతాది చదివాను.

చెట్ల కథ మనుషుల కథ కంటే బాధాకరం. అమెజాన్ అడవిలో రబ్బరు చెట్లు ఎక్కడో ఒకటీ రెండూ ఉంటాయి, దూరం దూరంగా. అందుకు కారణం ఉంది. లేతాకులను తినేసే బూజు తెగులు ఒకటి ఆ అడవిలోనే పుట్టింది. చెట్టుకూ చెట్టుకూ మధ్య వేరే జాతులు అడ్డుగా ఉంటే అది పాకలేదు. ఫోర్డ్ మనుషులు అడవిని నరికి, తగలబెట్టి, మలయాలో లాగా వరసలుగా, దగ్గర దగ్గరగా నాటారు. మలయాలో అది నడిచింది, ఎందుకంటే విక్‌హామ్ గింజలతో పాటు తెగులు సముద్రం దాటలేదు. ఇక్కడ తెగులు ఇంట్లోనే ఉంది. మొక్కలు పెరిగి కొమ్మకు కొమ్మ తగిలేదాకా ఊరుకుంది. తర్వాత ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు అంటుకుంటూ పోయింది. ఆకు రాలుతుంది, చెట్టు మళ్ళీ చిగురు వేస్తుంది, ఆ చిగురూ మాడిపోతుంది. అలా చిగురు వేసీ వేసీ ఓపిక అయిపోయి చచ్చిపోతుంది. ఈ రోజుకీ ఆసియా దేశాలు ఆ తెగులు తమ తోటల్లోకి రాకుండా కాపలా కాస్తున్నాయి.

ఇంత డబ్బు పోసిన కంపెనీ మొదట్లో ఒక్క మొక్కల శాస్త్రవేత్తను కూడా పెట్టుకోలేదు. అయిదారేళ్ళు గడిచాక జేమ్స్ వీర్ అనే తెగుళ్ళ నిపుణుణ్ణి పిలిచారు. ఆయన ఈ కొండ నేల వద్దు, కిందికి సంతరేం పట్టణం దగ్గర బల్లపరుపు నేల ఉంది, అక్కడికి పోదాం అన్నాడు. 1934లో బెల్తెర్రా అనే రెండో ఊరు మొదలైంది. మలయా వైపు నుంచి బాగా పాలిచ్చే రకాల అంటు మొక్కలు తెప్పించారు. తపజోస్ నుంచి వెళ్ళిన చెట్టు, మన కూలీల చేతుల్లో పెరిగిన చెట్టు, అరవై ఏళ్ళ తర్వాత అదే నదికి తిరిగొచ్చింది. దిక్కులేని పుట్టింటికి వచ్చినట్టే వచ్చింది. బెల్తెర్రాలో కూడా తెగులు పట్టుకుంది. తట్టుకునే రకం కొమ్మల్ని పైన అంటుకట్టి కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. ఆ లోపు యుద్ధం వచ్చింది, కృత్రిమ రబ్బరు వచ్చింది. 1945లో కంపెనీ రెండు ఊళ్ళనూ బ్రెజిల్ ప్రభుత్వానికి రెండున్నర లక్షల డాలర్ల లోపుకే ఇచ్చేసి వెళ్ళిపోయింది. పోసింది రెండు కోట్ల డాలర్ల దాకా. హెన్రీ ఫోర్డ్ ఆ ఊరికి తన పేరు పెట్టనిచ్చాడు గానీ, ఒక్కసారి కూడా అక్కడ కాలు పెట్టలేదు.

ఇంతవరకూ చెప్పి చాలామంది కథ ముగించేస్తారు. శిథిల నగరం, దెయ్యాల ఊరు అని పేరు పెట్టి, తుప్పు పట్టిన మిల్లు ఫొటో ఒకటి వేస్తారు. నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఫోర్డ్‌లాండియాలో ఇప్పటికీ రెండు మూడు వేల మంది ఉంటున్నారు. అవేరో మున్సిపాలిటీ కింద ఉంది. సంతరేం నుంచి పడవలు వెళ్తాయి. దొరల కోసం కట్టిన ఇళ్ళలో కొన్నింట్లో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, పశువులు పెంచుకుంటున్నారు, పిల్లలు బడికి వెళ్తున్నారు. కంపెనీ ఉన్నది పద్దెనిమిదేళ్ళు. అది పోయాక అక్కడ బతికినవాళ్ళవి ఎనభై ఏళ్ళు. బెల్తెర్రా అయితే ఇప్పుడు సొంత మున్సిపాలిటీ. దాని చుట్టూ అడవి పోయి సోయా పొలాలు వచ్చాయి. ఆ భూమి మీద ఇప్పుడు నడుస్తున్న గొడవ అది.

ఆ అమ్మాయి వస్తే గింజల దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు ఆ ఊళ్ళో ఉంటున్న పిల్లల దాకా చెప్పాలి. ఒక పీరియడ్ సరిపోదు. మిగతా సగం మార్కు కూడా వేసేస్తాను.