త్యాగమేందప్పా

“యోవ్, ఇంకో సాక్సు ఎక్కించుకో, లూజయింటాది” అని ఆయమ్మ బెంగళూరు మెజెస్టిక్ బస్టాండ్‌లో అంతమంది ముందు అరిస్తే ఆయన నవ్వుకుంటా ప్యాంటు మడిచి పెట్టుడుకాలు తీసినాడు. నాలాగే మదనపల్లి బస్సుకే వెయిటింగ్.

1999 కార్గిల్‌లో మోకాలి కింద పోయిందంట. తెగ్గా మిగిలిన మొండికాలు సాయంత్రానికి కొంచెం తగ్గిపోతాదంట, అప్పుడు సాక్సు మీద సాక్సు వెయ్యకుంటే లోపల రాసుకుని పుండు పడతాదంట. ఆయమ్మ బ్యాగులో పల్చనివి ఒక కవర్లో, మందంవి ఇంకో కవర్లో.

ఫస్టు ఆయన వాళ్లమ్మని చూసుకోడానికి వచ్చిందంట ఈమె ఆ ఇంటికి, కొడుకు కట్లు కూడా తనే మార్చేదంట, పెళ్లనేసరికి ఊరంతా త్యాగం త్యాగం అన్నారంట. “త్యాగమేందప్పా, మనిషి నచ్చినాడు, చేసుకున్యా” అనేసింది నాతో. ఆయనేమో అటు తిరిగి బస్సు బోర్డులు చదవడం మొదలుపెట్టినాడు (ఈ వయసులో ఆ సిగ్గేందో!).

ఇంతకీ బెంగళూరు వచ్చింది ఆయన కాలికి కాదు, ఈమె మోకాళ్లకి. స్కాన్ ఫైలు ఆయన చంకలోనే ఉంది. బస్సు రాంగానే ముందు సీటు ఈమెకే కావాలని కండక్టర్‌తో కన్నడం తెలుగు కలిపి ఒకటే గొడవ, ఈమె వెనకనుంచి “పోనీలేయ్యా” అంటానే ఉంది, వింటేగా.