తులుమ్ ఫెర్రీ ఎక్కే ముందు వేసుకోవాల్సిన లెక్క

మెక్సికోలోని కోజుమెల్ దీవి నుంచి అవతలి ఒడ్డున ఉన్న ప్లాయా దెల్ కార్మెన్ ఊరికి వెళ్ళే ఫెర్రీ ప్రయాణం 45 నిమిషాలు. మేం బుక్ చేసిన ఎక్స్‌కర్షన్ (క్రూజ్ ఓడ దిగి చేసే టూర్) పేజీలో కొండ అంచున మాయా నాగరికత నాటి తులుమ్ శిథిలాలు, కింద నీలం సముద్రం, పక్కన "సుమారు 7 గంటలు" అన్న మాట పెద్దగా కనిపించాయి. ఫెర్రీ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మా వెంట ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య, మామయ్య ఉన్నారు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కి, హోండురాస్ దీవి రొవాటాన్, మెక్సికో రేవు కోస్టా మాయా మీదుగా ఆరో రోజు కోజుమెల్‌లో దిగాం. ఏడు రాత్రుల క్రూజ్‌లో నా మనసులోంచి పోనిది ఆ 45 నిమిషాలే.

దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య ఉన్న నీరు ఉత్తరం వైపు గట్టిగా ప్రవహిస్తుంది. ఉత్తరపు గాలి దానికి ఎదురు వీచిన రోజున అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. పెద్ద ఓడలో ఆరు రోజులూ ఏమీ తెలియని పిల్లలు ఈ ఫెర్రీలో పది నిమిషాలకే వాంతి చేసుకుంటారు. చుట్టూ చూస్తే సగం మంది చేతుల్లో కవర్లే. నర్సాపురం దగ్గర గోదావరి దాటే పంటు లాంటిదే కదా అనుకుని అత్తయ్య నిశ్చింతగా కూర్చున్నారు. పంటు నది మీద జారుతుంది, ఇది సముద్రం మీద ఎగిరి పడుతుంది. తప్పనిసరిగా ఎక్కాల్సి వస్తే కింది అంతస్తులో, మధ్యకు, కాస్త వెనక్కి కూర్చోండి. పై డెక్ మీద గాలి బాగుంటుంది కానీ ఊపు అక్కడే ఎక్కువ. ముందు వరుస అసలు వద్దు.

మందు విషయంలో ఇంకో చిక్కు ఉంది. ప్రయాణంలో వాంతులు రాకుండా వాడే పిల్లల డ్రామమైన్ రెండేళ్ళు దాటిన వాళ్ళకు ఇస్తారు. డోసు పిల్లల డాక్టరును ముందే అడిగి రాసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక ఇస్తే లాభం లేదు, ఎక్కడానికి అరగంట, గంట ముందే పడాలి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ సంచిలో అదే పనికి వాడే అవోమిన్ ఉంటుంది. రెండేళ్ళలోపు పిల్లలకు దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మందు పనిచేసిందే అనుకోండి, పిల్లకు నిద్ర ముంచుకొస్తుంది. పద్నాలుగు కిలోల పిల్లను భుజాన వేసుకుని, చెట్టు నీడ దాదాపు లేని తులుమ్‌లో, పదకొండు గంటల ఎండలో, కంకర దారి మీద నడవాలి.

ఆ ఏడు గంటలు ఎటు పోతాయో చూడండి. ఓడ దగ్గర గుంపు చేరి స్టిక్కర్లు అంటించుకుని కదలడానికి అరగంట. ఫెర్రీకి ముప్పావుగంట. ప్లాయాలో దిగి బస్సు దాకా నడక, తర్వాత బస్సులో గంట. బస్సు ఆగిన చోటు నుంచి శిథిలాల దాకా మళ్ళీ నడక. తిరుగు ప్రయాణంలో ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. శిథిలాల మధ్య గడిపేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. అంటే పోనూ రానూ నాలుగుసార్లు ఎక్కడం, నాలుగుసార్లు దిగడం, ప్రతిసారీ నలభై యాభై మందితో వరస. పెద్దవాళ్ళకు తులుమ్ చూడదగ్గ చోటే. గోడ కట్టిన మాయా నగరం, సముద్రానికి ఎదురుగా 12 మీటర్ల ఎత్తున. చూసినందుకు మామయ్య ఎంతో సంతోషించారు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలతో మాత్రం నేను ఎవరికీ చెప్పను.

అందుకే ఇప్పుడు ఎక్స్‌కర్షన్ పేజీ తెరిస్తే ముందు ఫొటో చూడను, ఎన్నిసార్లు ఎక్కి దిగాలో లెక్కపెడతాను. ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఒక వాహనం మించకూడదు. ఓడ దిగినప్పటి నుంచి పిల్ల కాలు నీళ్ళలో పడేదాకా గంట మించకూడదు. ఈ రెండూ కుదరని టూర్ ఎంత గొప్పదైనా పక్కన పెట్టడమే.

ఆ లెక్కన కోజుమెల్‌లో దీవి దాటాల్సిన పనే లేదు. క్రూజ్ ఓడలు ఆగే మూడు పైర్లలో పుంటా లంగోస్టా ఊరి నడిబొడ్డున ఉంటుంది, మిగతా రెండూ దానికి దక్షిణాన. మీ ఓడ ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోండి, టాక్సీ ధర దాన్నిబట్టే ఉంటుంది. దక్షిణపు పైర్లలో ఓడ నుంచి గేటు దాకా కాంక్రీటు మీద పొడవాటి నడక, ఆ చివర డ్యూటీఫ్రీ దుకాణంలోంచే బయటపడాలి. స్ట్రోలర్ ఇక్కడ అవసరం, ఇసుకలో మాత్రం పనికిరాదు. తేలిగ్గా మడిచి భుజాన తగిలించుకునేదే పట్టుకెళ్ళండి. టాక్సీలకు మీటరు ఉండదు, దూరాన్నిబట్టి నిర్ణీత ధరలుంటాయి. ధర సాధారణంగా నలుగురి లెక్కన కాబట్టి మా లాంటి ఆరుగురికి వ్యాన్ కావాలి, దానికి ఎక్కువ అడుగుతారు. డాలర్లు తీసుకుంటారు, చిల్లర డాలర్లలో ఇవ్వరు, కాబట్టి ఒకట్లు, ఐదులు ఉంచుకోండి. "బండికా, మనిషికా" అన్నది ఎక్కక ముందే తేల్చుకోవాలి.

కార్ సీటు ఏ టాక్సీలోనూ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. డల్లాస్‌లో పక్క వీధి దుకాణానికి కూడా పిల్లను సీటులో బిగించకుండా కదలని వాళ్ళం, అక్కడ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం. నాకది మింగుడు పడలేదు. ఆరేళ్ళ వాడికి గాలి ఊదే బూస్టర్ సీటు మన బ్యాగులో పడుతుంది. మూడేళ్ళ పిల్లకు బరువు సరిపోతే బెల్టుతో వాడే ట్రావెల్ వెస్ట్ ఉంది. అయితే రెండింటికీ బండిలో వెనక సీటు బెల్టు ఉండాలి, ఎక్కే ముందు అదీ లాగి చూసుకోవాలి. దగ్గరి బీచ్ ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

బీచ్‌లన్నీ ఒకటి కావు. దీవి పడమటి ఒడ్డున అలలు తక్కువ. సూర్యలంకలో పిల్లల చేయి గట్టిగా పట్టుకుని మోకాలి లోతులో ఆగిపోతాం, ఇక్కడ మంచి రోజున నీళ్ళు చెరువులా ఉంటాయి. తూర్పు ఒడ్డు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ లోపలికి లాగేస్తుంది, పిల్లల్ని దించే చోటు కాదు. పడమటన కూడా చాలాచోట్ల ఒడ్డంతా పదునైన రాయి. చంకనాబ్ పార్కు పైర్లకు దగ్గర, చెట్ల నీడ బాగుంటుంది, చేపలు బాగా కనిపిస్తాయి. అయితే సముద్రంలోకి ఎక్కువగా రాళ్ళ మీంచి మెట్లు దిగాలి. ఈత వచ్చిన ఎనిమిదేళ్ళ వాడికి అది సంబరం, ఇసుకలో కూర్చుని బకెట్ నింపే మూడేళ్ళ పిల్లకు కాదు. ఆ వయసుకి ఇంకా దక్షిణాన ప్లాయా శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఇసుక తీరం నయం.

బీచ్ క్లబ్బుల అన్నీ కలిపిన టికెట్ దగ్గర మన వాళ్ళం నష్టపోతాం. ధరలో పెద్ద భాగం మందుకే. తాగని నలుగురు పెద్దవాళ్ళకు అది దండగ. కుర్చీ, గొడుగు తీసుకుని తిన్నదానికి మాత్రమే కట్టే చోటు వెతకండి. శాకాహారులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. "మాంసం లేదు" అని ఇచ్చిన బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం ఉండొచ్చు. కొవ్వును అక్కడ మాంతేకా అంటారు, ఆ పేరుతోనే అడగాలి. గ్వాకమోలే, చిప్స్, చీజ్ పెట్టిన కెసడియాతో మాకు గడిచింది. ఓడ బఫే నుంచి పళ్ళు, అన్నం కట్టుకుని దిగడం కుదరదు, తాజా పదార్థాలను రేవులో ఆపేస్తారు. సీలు తీయని బిస్కెట్లు, కారప్పూస ప్యాకెట్లకు ఇబ్బంది రాలేదు.

డైపర్ వేసే వయసు పిల్లలుంటే బీచ్‌కు ఇంకో విలువ ఉంది. ఓడలోని కొలనుల్లోకి డైపరు పిల్లల్ని దించనివ్వరు, స్విమ్ డైపరు అయినా సరే. కొన్ని ఓడల్లో వాళ్ళ కోసం ప్రత్యేకంగా నీళ్ళాట చోటు ఉంటుంది, బుక్ చేసేటప్పుడే కనుక్కోవాలి. అది లేని ఓడలో చంటిపిల్లకు నీళ్ళాట దొరికేది రేవు దిగిన రోజునే.

లైఫ్ జాకెట్ ఇంటి నుంచే తీసుకెళ్ళండి. అమెరికా కోస్ట్ గార్డ్ కొలతల్లో 30 పౌండ్లలోపు ఒకటి, 30 నుంచి 50 దాకా ఒకటి, 50 నుంచి 90 దాకా ఇంకొకటి. అక్కడ అద్దెకిచ్చేవి పెద్దవాళ్ళవే ఎక్కువ, పిల్ల వేసుకుంటే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్‌ది కొనండి, పగడాల దృష్ట్యా మామూలువి పార్కుల్లో వద్దంటారు. పొడుగు చేతుల ఈత చొక్కా వేస్తే సగం రాయాల్సిన పనే ఉండదు.

రొవాటాన్‌లో వెస్ట్ బే బీచ్ పిల్లలకు సరిగ్గా సరిపోయింది. మెత్తటి తెల్ల ఇసుక, నడుము లోతు దాకా నిదానమైన వాలు. కాక్సెన్ హోల్ రేవు నుంచి అరగంట లోపే, కానీ దారి మెలికలు, కాబట్టి ఎక్కే ముందు పాలు పట్టకండి. కంటికి కనపడని ఇసుక ఈగలు కాళ్ళను కుడతాయి. మోకాళ్ళ దాకా కొబ్బరి నూనె దట్టంగా రాస్తే చాలావరకు ఆగాయి, అత్తయ్య సీసా అక్కడ పనికొచ్చింది. నెత్తిన కోతిని ఎక్కించి ఫొటో తీసే టూర్లు రేవులోనే వెంటపడతాయి. కోతి కరిస్తే రేబిస్ టీకా కోసం వెతుక్కోవాలి, ఓడ సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ఆ ఫొటో మాకొద్దన్నాం.

గడియారం సంగతి అక్కడే జాగ్రత్త. హోండురాస్ ఏడాది పొడుగునా ఒకే సమయం పాటిస్తుంది. మార్చి రెండో ఆదివారం దాటి టెక్సాస్ గడియారాలు ముందుకు జరిగాక, టెక్సాస్ సమయం మీదే నడిచే ఓడ కన్నా రొవాటాన్ గంట వెనక ఉంటుంది. ఫోను తనంతట తాను స్థానిక సమయానికి మారి మూడున్నర చూపిస్తుంటే ఓడలో నాలుగున్నర అవుతుంది. కోజుమెల్‌లో ఆ నెలల్లో తేడా ఉండదు, చలికాలంలో మాత్రం దీవి గంట ముందుంటుంది. కొన్ని ఓడలు తమ గడియారాన్నే మారుస్తాయి, దిగే రోజు పొద్దున ప్రకటన వినాలి. సొంతంగా వెళ్తే ఆలస్యానికి ఓడ ఆగదు. ఓడ వాళ్ళ టూర్ ఆలస్యమైతే ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేరుస్తుంది. ఆ భరోసాకే వాళ్ళకు ఎక్కువ కడతాం. పది నిమిషాల దూరంలోని బీచ్‌కు అది దండగ, తులుమ్ లాంటి దూరానికైతే తప్పదు.

కోస్టా మాయాలో మేమెక్కడికీ పోలేదు. అక్కడి చాక్చోబెన్ శిథిలాలు బస్సులో గంట, అడవి నీడ ఉంది, ఫెర్రీ లేదు. శిథిలాలే కావాలనుకుంటే తులుమ్ బదులు ఇవి చూడాల్సింది. జనమంతా ఒడ్డుకు వెళ్ళాక ఓడ మీద జారుడుబల్లకు వరస లేదు, పాప మధ్యాహ్నం రెండు గంటలు గాఢంగా నిద్రపోయింది. మూడు రేవులుంటే ఒకదానికి ఇలా ఓడలోనే ఉండిపోవడం పిల్లలకు మేలు.

కోజుమెల్‌లో మామయ్యకు చూపించదగ్గ మాయా శిథిలాలు దీవి మధ్యలోనే ఉన్నాయి, శాన్ హెర్వాసియో. ఇష్‌చెల్ అనే మాయా దేవతది. తులుమ్ అంత పెద్దవి కావు, దోమల మందు తప్పనిసరి, కానీ టాక్సీలో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. ఈసారి వెళ్తే మా ఆయన, మామయ్య, బాబు అటు వెళ్తారు. నేనూ అత్తయ్యా పాపను తీసుకుని నీడ ఉన్న ఇసుకలో కూర్చుంటాం. ఫోన్లు కాకుండా, ఓడ సమయం పెట్టిన చేతి గడియారాలు రెండు గుంపుల దగ్గరా ఉంటాయి.