ఎర్ర లైటు ఆరడానికి 41 రోజులు

నిన్న సాయంత్రం మా పంచాయతీ ఆఫీసు ఇంటర్నెట్ బాక్సులో ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు నిలబడింది. 41 రోజులు పట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఆగితే మర్యాదగా రాస్తాను.

పని చిన్నదే. పంచాయతీకి వచ్చే ఫైబర్ లైను చాన్నాళ్లుగా పడి ఉంది. దాన్ని బతికించి, పక్కనే ఉన్న గ్రంథాలయం గదిలో సాయంత్రాలు పిల్లలకి వైఫై ఇవ్వాలి. తీర్మానం ఒక పూటలో అయిపోయింది. రూటరుకీ, మినీ యూపీఎస్‌కీ మూడు కొటేషన్లు తీసుకుని జనరల్ ఫండ్ నుంచి కొన్నాం. అదొక వారం.

"అందరి చేతిలో ఫోన్లున్నాయి కదా, ఇదెందుకు" అని గ్రామసభలో ఒకాయన అన్నాడు. ఇంటికో ఫోను, దానికి ముగ్గురు పిల్లలు, తండ్రి పొలం నుంచి వచ్చేదాకా అది ఇంట్లోనే ఉండదు. 2017లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. రేటు తగ్గిస్తే సగం పనే అయినట్టు. తీగ తెగితే ఎవరు కలుపుతారన్నదే మిగతా సగం, మేం ఇరుక్కుంది అక్కడే.

బాక్సు మీద ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) అని రాసిన చోట ఎర్రగా కొట్టుకుంటోందంటే ఫైబర్ తీగలో వచ్చే వెలుగు చాలినంత అందడం లేదని అర్థం. రూటరు ఆపి మళ్లీ ఆన్ చేసినా పోదు. ఫిర్యాదు పెట్టాం. రెండు రోజులకి "సరిచేశాం" అని మూసేశారు. మళ్లీ పెట్టాం. "కస్టమర్ అందుబాటులో లేరు" అని మూసేశారు. ఆ రోజు ఆఫీసు పొద్దున్నుంచీ తెరిచే ఉంది, నలుగురం అక్కడే ఉన్నాం.

మూడోసారి నేనే వెళ్లాను. ఏ ఆఫీసో రాయను. లోపల ఒకాయన తల ఎత్తకుండా, "మా దగ్గర లైను బాగానే చూపిస్తోందండీ, మీ లోపలి వైరింగ్ చూసుకోండి" అన్నాడు.

"రీడింగ్ ఎంతుందండీ?" అన్నాను.

"మీరేమన్నా ఇంజనీరా?" అని, బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. ఒంటిగంటన్నర దాకా కూర్చున్నా. భోజనానికి వెళ్తూ, "మీరింకా ఉన్నారా?" అన్నాడు.

ఇంజనీరుని కాను. వార్డు మెంబరుని. అంతకుముందు పద్నాలుగేళ్లు కేబుల్ లైన్లు లాగాను. ఆయన చెప్పని లెక్క నేను చెప్తా, మీ పంచాయతీకి పనికొస్తుంది.

మండలంలో ఉండే ఓఎల్‌టీ (తీగలోకి వెలుగు పంపే యంత్రం) నుంచి వెలుగు సుమారు ప్లస్ 3 డీబీఎంతో బయల్దేరుతుంది. డీబీఎం అంటే వెలుగు బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ; దారిలో పోయేదాన్ని డీబీల్లో లెక్కేస్తారు. కిలోమీటరుకి మూడో వంతు డీబీ వేసుకున్నా, 9 కిలోమీటర్లకి 3 పోతుంది. 32 దారులుగా చీల్చే స్ప్లిటర్లు పదిహేడున్నర తినేస్తాయి. జాయింట్లకీ కనెక్టర్లకీ ఒకటిన్నర. అంటే మా దగ్గర మైనస్ 19 చుట్టుపక్కల రావాలి. బాక్సు మైనస్ 27 దాకా ఓర్చుకుంటుంది. పాత స్నేహితుడి దగ్గర వెలుగు కొలిచే పవర్ మీటర్ తెచ్చి, 1490 నానోమీటర్ల మీద (బాక్సుకి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం అది) పెట్టి కొలిస్తే ఎండ ఉన్నప్పుడు మైనస్ 27, వాన పడిన పూట మైనస్ 31. ఎండలో రెండు నిమిషాలు పచ్చగా వెలిగి మళ్లీ ఆరిపోయేది. ఆఫీసులో వాళ్లు కంప్యూటర్ చూసిన నిమిషంలో అది పచ్చగా ఉంటే చాలు, ఫిర్యాదు మూసేస్తారు. వాన పడితే లాస్ పెరిగిందంటే ఎక్కడో జాయింటులోకి నీళ్లు వెళ్తున్నాయన్నమాట, అనుమానం అక్కర్లేదు.

చీకటి పడ్డాక ఎర్ర లేజర్ పెన్ను తెచ్చి, బాక్సు నుంచి తీగ ఊడదీసి, అటువైపుకి వెలుగు కొట్టాం. (తీగ కొసలోకి కంటితో చూడకండి. అందులో వచ్చే అసలు వెలుగు కంటికి కనపడదు, కంటికి ప్రమాదం మాత్రం కావచ్చు.) మొదట తలుపు చట్రం దగ్గర తెల్ల తీగ మెరిసింది. దాన్ని మేకు చుట్టూ తిప్పి సున్నం పూశారు. తర్వాత గోడ పెట్టె తెరిస్తే ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానికి గుచ్చి ఉంది. పచ్చ దాని మొన ఏటవాలుగా, నీలం దానిది తిన్నగా ఉంటుంది. రెండూ ఆనవు, మధ్యలో గాలి సందు మిగులుతుంది. అక్కడే 4 డీబీ పోయింది. అసలు దొంగ మాత్రం స్తంభం మీదున్నాడు. గడ్డి ట్రాక్టరు తగిలి తీగ తెగినప్పుడు ఎవరో మెషీన్‌తో స్ప్లైసింగ్ చేయకుండా చేత్తో కలిపి, జాయింటు పెట్టె మూత బిగించకుండా వదిలేశారు. తెరిస్తే లోపల చీమల పుట్ట, తడి మట్టి, మధ్యలో ఎర్రగా వెలుగుతున్న తీగ.

గదిలోవి మేమే సరిచేసుకున్నాం. స్తంభం దగ్గరికొచ్చేసరికి పంచాయితీ మొదలైంది. స్తంభం కరెంటోళ్లది, తీగ ఒకరిది, జాయింటు కాంట్రాక్టరుది, ఆ కాంట్రాక్టరేమో మారిపోయాడు. మూడు వారాలు దీనికే పోయాయి. చివరికి పనిచేసింది ఒకటే: పంచాయతీ లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు నంబర్లు, మీటర్ ఫొటోలు, స్తంభం నంబరు పెట్టి, "మరమ్మతుకి ముందూ తర్వాతా రీడింగ్ రాసి సంతకం చేసేదాకా ఫిర్యాదు మూయవద్దు" అని రాసి ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకున్నాం. నాలుగో రోజు కుర్రాళ్లిద్దరు మెషీన్‌తో వచ్చారు. పని గంట. పాపం, వాళ్ల తప్పేం లేదు, టీ ఇచ్చి పంపాం. ఫోన్లో, వాట్సాప్‌లో బతిమాలుకునే వాళ్లకి నా సలహా: మానేయండి. కాగితానికే భయపడతారు. ఇప్పుడు రీడింగ్ మైనస్ 20.6.

పచ్చ లైటు వచ్చినా గ్రంథాలయంలో వైఫై రాలేదు. దొంగలెత్తుకుపోతారని కొత్త రూటరుని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు! బయటికి తీసి, ఏడడుగుల ఎత్తున వరండా వైపు కిటికీ పక్కన బిగించాం. బాక్సుకీ రూటరుకీ 12 ఓల్టుల యూపీఎస్ కలిపాం. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా ఆంపియర్లు కూడుకోండి, పిన్ను సైజు సరిచూసుకోండి.

పాస్‌వర్డ్ గోడ మీద రాయొద్దు. ఎవరేం చేసినా పేరు పంచాయతీదే అవుతుంది. పీఎం-వాణి (కేంద్రం పెట్టిన పబ్లిక్ వైఫై పథకం) పద్ధతిలో అయితే ఫోన్ నంబరుకి ఓటీపీ వచ్చి లాగిన్ అవుతారు. హాట్‌స్పాట్ పెట్టేవాళ్లకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. అలా పెట్టాలంటే లీజు లైను (విడిగా తీసుకునే ఖరీదైన లైను) తీసుకోవాలని మమ్మల్నీ ఒకాయన బెదరగొట్టాడు. 200 ఎంబీపీఎస్ దాకా ఇళ్ల ప్లాన్లు ఈ హాట్‌స్పాట్ వాళ్లకీ ఇవ్వాలని, ఇళ్ల రేటుకి రెండింతలకి మించి అడగకూడదని 2025 జూన్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రింటు తీసి బల్ల మీద పెట్టాక గొంతు తగ్గింది. ఇప్పుడు పక్క ఊరి సెక్రటరీ కూడా నాకే ఫోన్ చేస్తున్నాడు, చెప్పుకోవాలి కదా.

రోడ్డు దాటే చోట తీగని పైకి కట్టించి, స్తంభం మీద పది మీటర్లు చుట్టగా వదిలించాం. పంట కోతలు నెలలో మొదలవుతాయి. గడ్డి ట్రాక్టర్లోళ్లకి సెక్రటరీ ఇంకా చెప్పలేదు.