నలభై మూడేళ్లకే బైపాస్: నా అనుభవం

మెట్లెక్కితే దవడ లాగేది. వీపులో రెక్కల మధ్య బరువుగా ఉండి, ఒళ్లంతా చెమట పట్టేది. గుండెలో మాత్రం నొప్పి లేదు. షుగర్ ఉందని చెప్పినా ఈసీజీ తీయకుండా, గ్యాస్ అని రెండు నెలలు మాత్రలు మింగించారు. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. చివరికి క్లాసులో పాఠం చెబుతూ బల్ల పట్టుకుని నిలబడిపోయాను. తమ్ముడు హైదరాబాద్ తీసుకెళ్లాడు. యాంజియోగ్రామ్‌లో గుండెకి రక్తం ఇచ్చే మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు. బైపాస్ చెయ్యాలన్నారు.

"చిన్న వయసే కదా సార్, రిస్క్ తక్కువే కదా?" అని తమ్ముడు అడిగాడు. సర్జన్ గారు వెంటనే అవునని అనలేదు. ఆడవాళ్ల గుండె నాళాలు సన్నగా ఉంటాయి, కుట్టు పడటం కష్టం అన్నారు. పైగా నా హిమోగ్లోబిన్ 8.9 మాత్రమే. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషిన్‌కి కలిపినప్పుడు అందులోని ద్రవం కలిసి రక్తం ఇంకా పలచబడుతుందట. కూర్చుని ఉన్నప్పుడు ఇబ్బంది లేదు కాబట్టి రెండు వారాలు ఆగి, ఐరన్ ఎక్కించాకే ఆపరేషన్ పెట్టారు. ఏళ్ల తరబడి నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్నా ఊరుకున్నాను. అది గుండె ఆపరేషన్ దాకా వస్తుందని ఎవరికి తెలుసు?

తర్వాత 2002లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం గురించి చదివాను. 1993 నుంచి 1999 వరకు బైపాస్ జరిగిన 51 వేల మందిని చూశారు. యాభై లోపు వాళ్లలో ఆసుపత్రిలోనే చనిపోయినవాళ్లు మగవాళ్లలో 1.1 శాతం, ఆడవాళ్లలో 3.4 శాతం. వయసు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గింది. అంటే ప్రమాదంలో మగవాళ్లకీ ఆడవాళ్లకీ తేడా ఎక్కువగా ఉన్నది నా వయసులోనే. అవి పాత లెక్కలే, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బ్లాకులు దాటి రక్తం వెళ్లేలా ఛాతీ లోపలి ధమని ఒకటి, కాలి నుంచి తీసిన సిరలు రెండు వేశారు. ఐసీయూ సంగతి పెద్దగా గుర్తులేదు. ఊపిరి పీల్చి బంతులు లేపే మూడు బంతుల పరికరం మాత్రం బాగా గుర్తుంది. మొదటిరోజు ఎంత పీల్చినా ఒక్క బంతి కూడా లేవలేదు. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోమన్నారు. కుట్ల కింది చివర ఎప్పుడూ లాగుతున్నట్టు మంటగా ఉండేది. నాలుగో రోజు ఒక సిస్టర్ చూసి, "అక్కా, రొమ్ము బరువుకి గాయం లాగుతుంది, ముందు హుక్కులున్న మెత్తటి కాటన్ బ్రా వేసుకోండి" అంది. వేసుకున్న గంటలోనే హాయి అనిపించింది. మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

డిశ్చార్జి కాగితంలో బండి నడపొద్దు, ఆఫీసుకు వెళ్లొద్దు, రెండు కిలోలకు మించి ఎత్తొద్దు అని ఉంది. బిందె, కుక్కర్, తడి బట్టల బకెట్ గురించి ఒక్క మాట లేదు. పక్క బెడ్‌లో ఉన్న అన్నయ్యకి నాతో పాటే ఆపరేషన్ అయింది. ఇంటికెళ్లాక మంచినీళ్లు కూడా వాళ్లావిడే చేతికిస్తోందని ఫోన్‌లో చెప్పాడు. నేను పన్నెండో రోజున పప్పు కుక్కర్ దించాను. ఛాతీ మధ్యలో టక్‌మని చప్పుడైంది. పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముకకి కట్టిన తీగలు బాగానే ఉన్నాయన్నారు. అప్పటిదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఆ సాయంత్రం మావారు స్ప్రింగ్ కాటా తెచ్చి వంటింట్లో ఒక్కొక్కటీ తూచారు. పప్పుతో కుక్కర్ నాలుగు కిలోలు, తడి బట్టల బకెట్ తొమ్మిది, నిండు బిందె పన్నెండు. అత్తయ్య అవన్నీ సుద్దముక్కతో వంటింటి తలుపు మీద రాయించి, "ఇవి ఎత్తితే నా మీద ఒట్టే" అంది. చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ లెక్క కాగితం మీద రాసుకెళ్లి సిస్టర్‌కి ఇచ్చాను. ఆమె దాన్ని ఫోటో తీసుకుని, వార్డులో ఆపరేషన్‌కి ఎదురుచూస్తున్న ఒకమ్మాయి దగ్గరికి నన్ను తీసుకెళ్లింది.